బొంత పెద్దలు

అట్టతో చేసిన గడియారం టోపీని చిటపట నేలకేసి కొట్టింది. పెద్ద ముల్లు ఊడి బల్ల కిందికి దొర్లింది. చిన్న ముల్లు మాత్రం పన్నెండు దగ్గరే బిక్కుబిక్కుమంటూ నిలబడింది.

"నేనింక ఈ నాటకం వెయ్యను! ఆ పిల్లరాక్షసుల ముందు అసలే వెయ్యను!"

తెర వెనక ఉన్న పిల్లలంతా గోడకు అతుక్కుపోయారు. చిటపటకు పదకొండేళ్ళు. కోపం వస్తే బాణలిలో ఆవాలు పేలినట్టు మాటలు పేలతాయి. అందుకే అందరూ ఆ పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినందుకు కూడా ఆమెకు కోపమే.

"పోనీలే," అన్నాడు నిచ్చెన. తరగతిలో అందరికన్నా పొడుగ్గా ఉంటాడు కాబట్టి వాడికి ఆ పేరు. నాటకంలో కాపలావాడు వాడే. "చిన్నపిల్లలు కదా."

"చిన్నపిల్లలైతే? నేను దాక్కుంటే ఒక్కరైనా కిక్కురుమన్నారా? వెనకాల కూర్చుని ఏడవడం, పరిగెత్తడం! ఆ బొత్తాం పిల్ల అయితే ఏకంగా నాటకం మధ్యలోకే వచ్చేసింది. నా సీను మొత్తం పాడుచేసింది!"

ఆదివారం మధ్యాహ్నం నాలుగైంది. బయట జనం లేచి వెళ్తుంటే కుర్చీలు కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది. నాటకం అప్పుడే అయిపోయింది. అయిపోయింది అనడం కన్నా కుప్పకూలింది అనడమే నిజం.

ఆ నాటకం సంగతి ఇక్కడ కాస్త చెప్పుకోవాలి.

వీధి చివర ఒక పాత బస్సుల షెడ్డు ఉంది. బస్సులు కొత్త డిపోకి వెళ్ళిపోయాక అది ఖాళీగా పడి ఉండేది. సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసే ఒకావిడ ఆఫీసుల చుట్టూ ఏడాది తిరిగి దాని తాళంచెవి సంపాదించారు. పగలు బస్సులో టిక్కెట్లు కొడతారు. సాయంత్రం షెడ్డులో పిల్లల చేత నాటకాలు వేయిస్తారు. అందరూ ఆవిడను కండక్టరమ్మ అంటారు. ఆవిడ ఒక ఈల వేస్తే ఆగాలి, రెండు వేస్తే కదలాలి. రిహార్సల్‌లో కూడా అంతే.

షెడ్డులో ఎత్తు స్టేజీ లేదు. బస్సులు ఆగడానికి నేల మీద ఎప్పుడో గీసిన పసుపు గీత ఉంది. గీతకు అటువైపు నాటకం, ఇటువైపు జనం. గీతను ఆనుకుని ఒక పెద్ద బొంత పరుస్తారు. ఆ బొంతకు వీధిలోని ప్రతి ఇల్లూ ఒక గుడ్డముక్క ఇచ్చింది. మెకానిక్ తన పాత ఖాకీ ప్యాంటు ఇచ్చాడు. నర్సమ్మ తెల్ల దుప్పటి ఇచ్చింది. ఒక తాతగారు గాలికి తిరగబడిన గొడుగు గుడ్డ ఇచ్చారు. దర్జీ మామయ్య నెల రోజులు కూర్చుని అన్నిటినీ కలిపి కుట్టాడు.

ఆ బొంత మీద కూర్చునే హక్కు నర్సరీ పిల్లలది. ప్రతి బుధవారం వాళ్ళ టీచర్ ఇరవై మందిని వెంటబెట్టుకుని వచ్చేది. సగం తయారైన నాటకాన్ని వాళ్ళ ముందు ఆడి చూపించేవారు. వాళ్ళు ఆవలించిన చోట కోత పెట్టేవారు. పకపకా నవ్విన చోట ఇంకో రెండు మాటలు చేర్చేవారు.

"వీళ్ళు బొంత పెద్దలు. పంచాయితీలో పెద్దమనుషులు ఎలాగో ఇక్కడ వీళ్ళు అలాగ. నాటకం వీళ్ళ కోసం. కాబట్టి వీళ్ళ మాటే మాట," అనేవారు కండక్టరమ్మ.

బొంత పెద్దల్లో అందరికన్నా పెద్దది ఐదేళ్ళ బొత్తాం. గౌను పై బొత్తాం ఎప్పుడూ నోట్లో పెట్టుకుని నములుతుంది కాబట్టి ఆ పేరు.

నాటకంలో ఒక గోడ గడియారం ఉంటుంది. లేవండి, పడుకోండి, బడికి పొండి అని అందరికీ చెప్పి చెప్పి దానికి విసుగొస్తుంది. గోడ దిగి పారిపోతుంది. కాపలావాడు దాన్ని వెతుకుతాడు. మొదట్లో గడియారం తెర వెనక దాక్కునేది. ఒక బుధవారం బొత్తాం లేచి నిలబడి నోట్లోంచి బొత్తాం తీసి అడిగింది.

"తెర వెనక ఉంటే మాకేం తెలుస్తుంది? మా దగ్గర దాక్కోమనండి. మేం చెప్పం."

అంతే, నాటకం మారిపోయింది. గడియారం ఇప్పుడు బొంత అంచున, ఒక పొట్టి పెట్టె చాటున, నేలకు కరుచుకుని పడుకుంటుంది. కాపలావాడికి కనబడదు. బొంత మీది పిల్లలకు కనబడుతుంది. "గడియారం ఇటు వచ్చిందా?" అని కాపలావాడు అడిగితే ఇరవై గొంతులు "ఇక్కడ లేదూ!" అని అబద్ధమాడతాయి. బుధవారాలు షెడ్డు రేకులు అదిరిపోయేవి.

మరి ఆదివారం ఏమైంది?

ఆదివారం కండక్టరమ్మ డ్యూటీ దిగే వేళకు తర్వాతి కండక్టరు రాలేదు. ఆవిడ బస్సులోనే చిక్కుకుపోయారు. ఇక్కడ నాటకం వేసే పిల్లల చుట్టాలు గంట ముందే వచ్చి ముందు వరుస కోసం తోసుకున్నారు. వాళ్ళకు చోటు కావాలి. బొంత అడ్డంగా ఉంది. ఎవరో బొంత చుట్టేసి బీరువా వెనక పడేశారు. పసుపు గీత దాకా మూడు వరుసల కుర్చీలు వేశారు. ముందు వరుస కుర్చీలకు చీటీలు కూడా అంటించారు. నర్సరీ పిల్లలు వచ్చేసరికి మిగిలింది వెనక గోడ పక్కన వట్టి నేల. వాళ్ళు నాటకం చూడాలంటే ముందు పెద్దవాళ్ళ వీపులు చూడాలి. వీపుల పైన ఫోన్లు పట్టుకున్న చేతులు చూడాలి. ఎవరి కోసం నాటకమో వాళ్ళనే గోడకు నెట్టేసి పెద్దలు దర్జాగా కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

ఆ "ఎవరో" ఎవరంటే, చిటపటే. బొంత చుట్టింది ఆమె. చీటీలు రాసింది ఆమె. నాన్న, అమ్మ, నాయనమ్మ, బాబాయి, పిన్ని, బాబాయి స్నేహితుడు, వాళ్ళావిడ. ఏడు కుర్చీలు. ఆ సంగతి ఇప్పుడు ఆమెకు గుర్తు లేదు. కోపం వచ్చినప్పుడు మనం చేసినవి మనకు గుర్తుండవు, ఎదుటివాళ్ళు చేసినవే గుర్తుంటాయి.

ఆమెకు గుర్తున్నది ఒక్కటే. తను పెట్టె చాటున పడుకుంది. కాపలావాడు అడిగాడు. ఎవరూ పలకలేదు. వెనక ఎవరో ఏడుస్తున్నారు. ఇంతలో కుర్చీల మధ్య నుంచి బొత్తాం పాకుతూ వచ్చి ఆమె ముఖంలో ముఖం పెట్టింది. చిటపట ఒళ్ళు మండిపోయింది. తను గడియారమన్న మాట కూడా మరిచిపోయి అరిచింది.

"వెనక్కి పో! అడ్డం!"

కుర్చీల్లో పెద్దవాళ్ళు గొల్లున నవ్వారు. బొత్తాం అక్కడే కూలబడి ఏడ్చింది. టీచర్ వచ్చి ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళింది. మిగతా పిల్లలు కూడా వెంట వెళ్ళిపోయారు.

ఇంటికెళ్ళాక చిటపట అన్నం దగ్గర కూడా అదే పాట పాడింది.

"పిల్లల వల్లే నాటకం పోయింది నాయనమ్మా!"

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస," అంది నాయనమ్మ. "ముందు పెరుగు కలుపుకో."

బాబాయి మాత్రం చిటపట పక్షమే. "మా అమ్మాయి అద్భుతంగా చేసింది. మొత్తం వీడియో తీశాను. వచ్చే ఆదివారం ఇంకో ఆట ఉంది కదా? మా మేనేజరు గారిని తీసుకొస్తా. ముందు వరుసలో రెండు కుర్చీలు ఉంచు."

"ఉంచుతాను బాబాయ్," అంది చిటపట.

సోమవారం బడి అవగానే ఆమె నేరుగా షెడ్డుకు వెళ్ళింది. కండక్టరమ్మ ఖాకీ బట్టల్లోనే బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. కుర్చీలు ఇంకా ఆదివారం వేసినట్టే ఉన్నాయి.

"కండక్టరమ్మా, ఒక బోర్డు పెట్టండి. పదేళ్ళ లోపు వాళ్ళకు ప్రవేశం లేదు అని. నేనే రాస్తాను."

"చిన్నపిల్లల నాటకానికి చిన్నపిల్లలు రాకూడదా?"

"కదలకుండా కూర్చునేవాళ్ళు రావచ్చు."

కండక్టరమ్మ ముఖం ఎర్రబడింది. ఈల తాడు వేలికి గట్టిగా చుట్టుకున్నారు.

"నీకా బెంగ అక్కర్లేదు. వాళ్ళే రారట. వాళ్ళ టీచర్ పొద్దున కబురు పంపింది. పిల్లల్ని నాటకం బొమ్మ వెయ్యమంటే ఇవి వేశారట, చూడు."

బల్ల మీద ఇరవై కాగితాలు ఉన్నాయి. చిటపట ఒక్కొక్కటే తిప్పింది. నాలుగు గీతలు, వాటి మీద ఒక డబ్బా. మళ్ళీ నాలుగు గీతలు, మళ్ళీ డబ్బా. ఒకదాని మీద గుండ్రటి తల, తలకు పెద్ద ముడి. ఇంకోదాని మీద ఒక బట్టతల.

"ఇవేం బొమ్మలు! అన్నీ కుర్చీలే! గడియారం ఏది? కాపలావాడు ఏడి? నాటకమే చూడలేదు వీళ్ళు!"

"చూడలేదు," అన్నారు కండక్టరమ్మ.

చివరి కాగితం బొత్తాంది. దాని మీద మాత్రం గడియారం ఉంది. గడియారానికి ముళ్ళు లేవు. ముఖం నిండా నోరే. నోటి నిండా పళ్ళే.

"నాకు ఇన్ని పళ్ళు ఉన్నాయా?" అంది చిటపట. కానీ ఆ మాటలో ఆవాలు పేలలేదు.

అప్పుడే వీధిలో వాళ్ళు తమ కుర్చీలు తీసుకుపోవడానికి వచ్చారు. దర్జీ మామయ్య, మెకానిక్, నర్సమ్మ, ఇంకా పదిమంది. వాళ్ళ వెనకే నిచ్చెన తన చెల్లెలితో వచ్చాడు. కండక్టరమ్మ వాళ్ళను ఆపారు.

"అయిదు నిమిషాలు కూర్చోండి. దాక్కునే సీను ఒకసారి చూసి వెళ్ళండి. నిచ్చెనా, నీ చెల్లెలికి గడియారం టోపీ పెట్టు. చిటపటా, నువ్వు వెనక గోడ దగ్గర కూర్చో. కుర్చీలో కాదు, నేల మీద."

"నేనెందుకు?"

రెండు ఈలలు మోగాయి. కదలక తప్పలేదు.

చిటపట గోడకు ఆనుకుని కూర్చుంది. ముందు మెకానిక్ వీపు కొండలా అడ్డంగా ఉంది. కుడికి వంగింది. నర్సమ్మ సంచి. ఎడమకు వంగింది. దర్జీ మామయ్య బట్టతల. ఆ బట్టతలను ఆమె ఇంతకుముందే ఒక కాగితం మీద చూసింది.

ముందు ఏదో జరుగుతోంది. పెద్దవాళ్ళు నవ్వుతున్నారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియదు. గడియారం ఎక్కడ దాక్కుందో ఆమెకు తెలుసు. తెలిసినా కనబడటం లేదు. నేలకు కరుచుకుని ఉన్నది మూడు వరుసల కుర్చీల అవతల ఎలా కనబడుతుంది?

ఆమెకు ఉక్రోషం ముంచుకొచ్చింది. లేచి కుర్చీల మధ్య నుంచి ముందుకు నడిచింది.

"కూర్చోమ్మా, అడ్డం!" అన్నాడు దర్జీ మామయ్య, నాటకం మీది నుంచి చూపు తిప్పకుండానే.

"అడ్డమా? నేనా అడ్డం?" చిటపట గొంతు రేకులకు తగిలింది. "అడ్డం మీరు! నాటకం మా పిల్లలది! మీరంతా ముందు కూర్చుని మమ్మల్ని గోడకు నెట్టేస్తే మేం ఏం చూడాలి? మీ వీపులా? ముందుకొస్తే అడ్డం అంటారా? అసలు ఎవరు వేశారు ఈ కుర్చీలు ఇక్కడ..."

ఆమె చేయి ముందు వరుస మీద పడింది. చేతికి ఒక చీటీ తగిలింది. "నాయనమ్మ" అని ఉంది. పక్కన "బాబాయి" అని ఉంది. ఎర్ర స్కెచ్ పెన్ను. గుండ్రటి అక్షరాలు. తనవే.

షెడ్డులో ఎవరూ ఏమీ అనలేదు. కండక్టరమ్మ కూడా ఏమీ అనలేదు. అదే చిటపటకు అన్నిటికన్నా కష్టంగా తోచింది. తిడితే తిరిగి ఏదో ఒకటి అనవచ్చు. ఎవరూ తిట్టకపోతే ఏం చెయ్యాలి?

ఆమె ఏడు చీటీలూ ఒక్కొక్కటే పీకింది. బీరువా వెనక్కి వెళ్ళి బొంత లాగింది. దానికి బూజు అంటింది, ఒక కుట్టు విడిపోయింది. దర్జీ మామయ్య జేబులోంచి సూది తీశాడు.

"నేను కుడతాను మామయ్యా. ఎలాగో చెప్పండి," అంది చిటపట.

మూడుసార్లు వేలికి గుచ్చుకుంది. నాలుగోసారి కుట్టు పడింది.

మర్నాడు సాయంత్రం ఆమె సైకిళ్ళ షాపుకు వెళ్ళింది. అది బొత్తాం వాళ్ళ నాన్నది. బొత్తాం బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉంది. చిటపటను చూడగానే గౌను బొత్తాం నోట్లో పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది.

"ఆదివారం నాటకానికి రావా?" అంది చిటపట.

"రాను. నువ్వు అరిచావు."

"అరిచాను. తప్పు నాదే. బొంత తీసేసింది కూడా నేనే."

బొత్తాం సగం ఇటు తిరిగింది. "నేను అడ్డం రాలేదు అక్కా. నువ్వు ఎక్కడ దాక్కున్నావో కనబళ్ళేదు. తెలియకపోతే చెప్పకుండా ఎట్లా ఉండాలి? అందుకే చూడ్డానికొచ్చా."

చిటపట బకెట్టు పక్కన నేల మీద కూర్చుంది. ఈ పిల్ల నాటకం పాడుచేయడానికి రాలేదు. నాటకంలో తన పని తను చేయడానికి వచ్చింది. పెద్దవాళ్ళ కాళ్ళ మధ్య నుంచి పాక్కుంటూ మరీ వచ్చింది.

"ఈసారి నీ ముందే దాక్కుంటాను," అంది చిటపట.

"అందరికీ చెప్పాలి. మా క్లాసులో అందరికీ. ఒక్కొక్కళ్ళకి."

"చెప్తాను."

బుధవారం చిటపట నర్సరీకి వెళ్ళి ఇరవై మందికి ఇరవైసార్లు చెప్పింది. కొందరు వెంటనే సరే అన్నారు. ఒకడు మాత్రం, "మళ్ళీ అరుస్తావా?" అని రెండుసార్లు అడిగాడు. టీచర్ అన్నీ విని, "ఆదివారం చూద్దాం. బొంత లేకపోతే గుమ్మం నుంచే వెనక్కి తీసుకెళ్ళిపోతాను," అంది. ఆ మాట న్యాయంగానే ఉంది.

ఆదివారం వచ్చింది. చిటపట మధ్యాహ్నం రెండింటికే వచ్చి బొంత పరిచింది. గడియారం వేషం వేసుకోవడానికి తెర వెనక్కి వెళ్ళింది. కాసేపటికి తెర పక్కకు లాగి తొంగి చూసింది.

బొంత సగం మడిచి ఉంది. పరుపు మీద పెట్టినట్టు దాని మీద నాలుగు కుర్చీలు ఉన్నాయి. బాబాయి, ఆయన మేనేజరు గారు, వాళ్ళావిడ, నాయనమ్మ. బాబాయి అప్పుడే ఫోన్ పైకెత్తి చూసుకుంటున్నాడు. గుమ్మంలో నర్సరీ టీచర్ నిలబడి ఉంది. ఆమె వెనక ఇరవై మంది పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్నారు. టీచర్ వెనక్కి తిరగబోతోంది.

కండక్టరమ్మ ఈల నోటి దాకా తెచ్చారు. ఈల ఇంకా మోగకముందే చిటపట పసుపు గీత దాటి బయటికి వచ్చేసింది. తల మీద టోపీ వంకరగా ఉంది.

"బాబాయ్, లే."

"ఏంటే? ఆట మొదలుపెట్టు."

"ఇది బొంత పెద్దల చోటు. కుర్చీ తీసి వెనక వేసుకో."

బాబాయి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మా మేనేజరు గారి ముందు నా పరువు తీస్తావా?"

పోయినవారం ఇవే కుర్చీలకు చిటపటే చీటీలు అంటించింది. ఆ చేతులతోనే ఇప్పుడు కుర్చీ వీపు పట్టుకుంది.

"పరువు వెనక వరుసలో కూడా ఉంటుంది బాబాయ్. మీకు అక్కడినుంచి కనబడుతుంది. వాళ్ళకు కనబడదు. పోయినసారి నేనే వాళ్ళను వెనక్కి నెట్టాను. మళ్ళీ నెట్టనివ్వను."

అందరికన్నా ముందు లేచింది నాయనమ్మ.

"పిల్ల సరిగ్గానే చెప్తోంది. లేవరా, బొంత మీద చెప్పులేసుకుని కూర్చున్నావు, బుద్ధుందా?" అంటూ తన కుర్చీ తనే ఎత్తుకుంది. దాంతో మేనేజరు గారు గబగబా లేచి ఆ కుర్చీ అందుకున్నారు. బాబాయి గొణుక్కుంటూ వెనక్కి నడిచాడు. ఫోన్ జేబులో పెట్టుకోలేదు కానీ కిందికి దించాడు.

చిటపట మోకాళ్ళ మీద కూర్చుని మడత విప్పింది. చేతులతో సాపు చేసింది. "రండి," అంది గుమ్మం వైపు చూసి.

ఇరవై మంది వచ్చి కూర్చున్నారు. ఖాకీ ముక్క మీద ఇద్దరు, గొడుగు ముక్క మీద ముగ్గురు. బొత్తాం అందరికన్నా ముందు, పసుపు గీతకు బొటనవేళ్ళు ఆనించి కూర్చుంది.

రెండు ఈలలు మోగాయి.

గడియారం గోడ దిగింది. పరిగెత్తింది. పొట్టి పెట్టె చాటున నేలకు కరుచుకుంది. ఆమె ముక్కుకు జానెడు దూరంలో బొత్తాం ముక్కు ఉంది.

కాపలావాడు లాంతరు ఊపుతూ వచ్చాడు. "గడియారం ఇటు వచ్చిందా?"

"ఇక్కడ లేదూ!" ఇరవై గొంతులు. రేకులు అదిరాయి. వెనక కుర్చీల్లో నాయనమ్మ కూడా అరిచినట్టుంది.

"మరి ఆ కాలు ఎవరిది?" అన్నాడు నిచ్చెన. ఆ మాట నాటకంలో లేదు. కంగారులో చిటపట కాలు నిజంగానే పెట్టె దాటి బయటికి వచ్చింది.

బొంత మీది తలలన్నీ ఆ కాలి వైపు తిరిగాయి.

బొత్తాం నోట్లోంచి బొత్తాం తీసింది. తను కూర్చున్న బొంత అంచు పైకెత్తి ఆ కాలి మీద కప్పింది. దాని మీద తనే ఎక్కి కూర్చుంది.

"నాది," అంది కాపలావాడితో.